తెలుగులో చెప్పమన్నాను

మొన్న మా మనవరాలి బడి నుంచి ఒక కాగితం వచ్చింది. పిల్లలను వైరా జలాశయం చూపించడానికి తీసుకెళ్తున్నారట, ఇంట్లో పెద్దవాళ్ళు నింపి సంతకం చేసి పంపాలట. కోడలికి చేతులు ఖాళీ లేక నన్ను నింపమంది. కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్కటే చదువుతూ వచ్చాను. బస్సు పడుతుందా, ఏదైనా తింటే ఒంటికి సరిపడదా, ఇలా ఏవేవో అడిగి, చివర్లో 'గత వారంలో జ్వరం వచ్చిందా' అని రాసి, పక్కన రెండు చిన్న గడులు గీశారు. అక్కడ నా కలం ఆగిపోయింది. కోడలు రెండుసార్లు వచ్చి చూసి, ఏమైందత్తయ్యా అని అడిగింది కానీ, ఏమని చెప్పను?

నాతోపాటు ఆ రోజుల్లో పంతులమ్మలుగా చేరినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది, కొత్తగా ఉద్యోగం వచ్చినవాళ్ళను ఎక్కడెక్కడికో వేసేవారు. రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. మధిర దగ్గర పల్లెలో పుట్టి, వరిచేలూ మిరపతోటలూ తప్ప మరొకటి ఎరగని నన్ను బూర్గంపాడు అవతల అడవిలో ఒక కోయగూడేనికి వేశారు. బడి అంటే ఒకే గది, అందులోనే ఐదు తరగతులు, ముప్పైమందికి పైగా పిల్లలు, నేనొక్కదాన్నే. గూడేనికీ రోడ్డుకీ మధ్య ఒక వాగు ఉండేది. వానాకాలంలో దాన్ని రోజూ దాటడం నావల్ల కాక వారమంతా గూడెంలోనే, అంగన్‌వాడీ ఆయమ్మ ఇంట్లో ఉండి, ఆదివారం ఒక్కరోజు ఇంటికి వెళ్ళొచ్చేదాన్ని.

పిల్లలకు తెలుగు రాదు. నాకు కోయ రాదు. వాచకంలో రైలుబండి, పోస్టాఫీసు, సర్కసు ఉండేవి. నేను గొంతు చించుకుని చెబుతుంటే పిల్లలు వానను చూసినట్టు నన్ను చూస్తూ కూర్చునేవారు. నెల రోజులు అలా గడిచాక మండలంలో మీటింగ్ పెట్టి, ఏడాది చివరికి పిల్లలు చదవలేని బళ్ళను మూసి పక్క ఊరి బడిలో కలిపేస్తామని పై అధికారి చెప్పారు. మా పక్క ఊరి బడి వాగుకు అవతల ఉంది. వాన పడితే ఈ పిల్లలు ఆ బడికి వెళ్ళేదెలా? ఆ మీటింగ్ నుంచి తిరిగొస్తూ దారిలో ఒక బండ మీద కూర్చుని ఏడ్చాను.

ఇక చేసేదేమీ తోచక పిల్లలను బయటికి తీసుకెళ్ళడం మొదలుపెట్టాను. ఇప్పుడు దానికి పెద్ద పెద్ద పేర్లు ఉన్నాయి. నాకు మాత్రం అది గోడల మధ్య ఊపిరాడక చేసిన పనే. చేలోకి, వాగు ఒడ్డుకు, తునికి చెట్ల కిందికి వెళ్ళేవాళ్ళం, కనిపించిన దాని పేరు వాళ్ళు కోయలో చెబితే నేను తెలుగులో చెప్పేదాన్ని. బడికి మనుషులనూ పిలిచాను. గూడెంలో పసరు మందులిచ్చే ఒక తాత ఉండేవాడు. ఆయన శనివారాలు వచ్చి ఆకులూ వేళ్ళూ పరిచి ఏది దేనికో చెబుతుంటే పిల్లలు నోళ్ళు తెరుచుకుని వినేవారు. గురువారాలు వాగు అవతలి నుంచి నర్సమ్మ వచ్చేది. బొగ్గుగనుల ఊళ్ళో పుట్టి పెరిగిన మనిషి, ఏదైనా గట్టిగా చెప్పే రకం. తాతను బడికి పిలిచానని మొదట్లో నా మీద చిరాకుపడింది. కానీ ఒక గురువారం తాత తనే వచ్చి వెనక గోడకు ఆనుకుని కూర్చుని, ఆమె జ్వరాల గురించి చెప్పిందంతా విని వెళ్ళాక ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

నెమ్మదిగా పిల్లల నోట తెలుగు రాసాగింది. అది చూసి నాకు ఆశ పుట్టింది, ఆశతోపాటు అత్యాశా పుట్టింది. నా ముందు ఎవరేం చెప్పినా తెలుగులోనే చెప్పాలని ఒక నియమం పెట్టాను. కోయలో అడిగితే బదులు పలికేదాన్ని కాను.

ఆ ఏడు వానలు ముదిరాక, ఒక శుక్రవారం నర్సమ్మ, నేను కలిసి పిల్లలను వాగు పక్క మడుగుల దగ్గరికి తీసుకెళ్ళాం. నీళ్ళను తెల్ల గిన్నెలో ముంచి దోమపిల్లలను చూపించింది ఆమె. నీటి మీద పడుకున్నట్టు అడ్డంగా ఉండేవి మలేరియా దోమవని, తల కిందికి వేలాడేవి వేరే దోమవని చెబితే, పిల్లలు ఎగబడి చూసి, దేన్ని చూపించినా ఏదేమిటో ఠక్కున తెలుగులో చెప్పారు. నాకు నేల మీద కాళ్ళు ఆనలేదు.

రెండో తరగతి పిల్ల ఒకతె మాత్రం గిన్నె దగ్గరికి రాకుండా ఎండలో ఒక రాయి మీద, చేతులు చంకల్లో పెట్టుకుని ముడుచుకుని కూర్చుంది. వణుకుతోంది. నీళ్ళలో ఆడి వచ్చిందేమో, చలి అనుకున్నాను. దాని పెదనాన్న కూతురు నాలుగో తరగతి. ఆ పిల్ల నా దగ్గరికి వచ్చి, చెల్లెలి వైపు చూపిస్తూ కోయలో గబగబా ఏదో చెప్పబోయింది. నేను నవ్వుతూనే, తెలుగులో చెప్పమన్నాను. ఆ పిల్ల ఆగింది, పెదవులు కదిలించింది, తల వంచుకుని వెళ్ళిపోయింది. నేను మళ్ళీ గిన్నె వైపు తిరిగాను.

శనివారం ఆ చిన్నపిల్ల బడికి రాలేదు. పత్తిచేలో కలుపు రోజులు కదా, తల్లి వెంట పోయి ఉంటుందనుకున్నాను. పైన మబ్బు పట్టి ఉండడంతో ఆ ఆదివారం ఇంటికి కూడా వెళ్ళలేదు. రాత్రంతా వాన కొట్టింది. సోమవారం బడి తీయగానే అక్క వచ్చి గుమ్మంలో నిలబడింది.

"దానికి జరం. లేస్తలేదు," అంది. ఆ రెండు మాటలూ తెలుగులోనే, ఎవరినో అడిగి నేర్చుకుని వచ్చినట్టుగా చెప్పింది.

నేను వెళ్ళేసరికి పిల్ల కళ్ళు తేలేసి ఉంది. ఒళ్ళు బిగుసుకుంటోంది, వదులవుతోంది, మళ్ళీ బిగుసుకుంటోంది. ఇంటివాళ్ళు వేల్పుకు మొక్కుకుని ఉన్నారు, తాత పక్కనే కూర్చుని నాడి చూస్తున్నాడు. దవాఖానాకు తీసుకెళ్దామని తండ్రి కాళ్ళావేళ్ళా పడ్డాను. అంతకు మూడేళ్ళ ముందు పెద్దకూతురిని అలాగే మోసుకుపోతే, తిరిగి శవాన్నే తెచ్చుకున్నాడట. ఈ బిడ్డను మళ్ళీ అక్కడికి పంపనంటే పంపనన్నాడు. ఆయనను తప్పు పట్టడానికి నాకు నోరు రాలేదు, ఊరుకోవడానికీ మనసొప్పలేదు.

అప్పుడు తాత లేచాడు. తను తెచ్చిన వేళ్ళను మూట కట్టి చంకన పెట్టుకుని, కోయలో కాక, నాకూ తెలిసేట్టు అన్నాడు.

"గీ జరం నా చెట్లకు లొంగేది కాదు. నర్సమ్మ బడిల చెప్పింది గిదే. పిల్లను జల్దీ లేపుండ్రి."

తండ్రి బయటికి వెళ్ళి మంచం తెచ్చాడు. దానికి తాళ్ళు కట్టి, కర్రకు వేలాడదీసి, పిల్లను పడుకోబెట్టి బయల్దేరాం.

వాగు రెండు గట్లూ ఒరుసుకుని పారుతోంది. ఎర్రటి నీళ్ళు, వాటి మీద విరిగిన కొమ్మలు. మా కేకలు విని అవతల పశువులు కాసేవాళ్ళెవరో పరుగెత్తి నర్సమ్మకు చెప్పారు. ఆమె సంచీ తీసుకుని వచ్చి ఆ గట్టున నిలబడింది. ఆమె చీర రంగు కూడా తెలుస్తోంది, అంత దగ్గర. ఆమె సంచిలో సూదిమందు ఉంది, మాత్రలు ఉన్నాయి. మా మంచం మీద పిల్ల ఉంది. మధ్యలో ఆ నీళ్ళు. తడిగుడ్డ నుదుట వెయ్యమని, పక్కకు తిప్పి పడుకోబెట్టమని ఆమె అరుస్తుంటే సగం హోరులో కలిసిపోయేది. తండ్రి రెండుసార్లు దిగబోతే మగవాళ్ళు పట్టి లాగారు. తల్లి ఏడవలేదు. నీటి అంచున ఒక పుల్ల గుచ్చి, నీళ్ళు దాన్ని వదిలి వెనక్కి పోతున్నాయా లేదా అని దాన్నే చూస్తూ కూర్చుంది. పిల్ల బిగుసుకున్నప్పుడల్లా నేను దాని చెయ్యి పట్టుకుని, నాకు తెలిసిన దేవుళ్ళందరినీ పిలిచాను. ఉదయం పోయింది, మధ్యాహ్నం పోయింది.

పొద్దు వాలుతుండగా నీళ్ళు రొమ్ములోతుకు తగ్గాయి. ఆరుగురు మంచాన్ని నెత్తిన పెట్టుకుని దిగారు. అవతలి నుంచి నర్సమ్మ నడుములోతు నీళ్ళలోకి ఎదురొచ్చింది. సూది వేసి, జీపు మాట్లాడి, బూర్గంపాడు మీదుగా గోదావరి వంతెన దాటించి భద్రాచలం పెద్ద దవాఖానాలో చేర్చాం. అక్కడి వరండాలో నర్సమ్మ నా పక్కన కూలబడి, "ఆ రోజు మడుగుల కాడ నా సంచిల రక్తం పట్టే గాజు స్లైడ్లు లేకుండె టీచర్, తీయకపోతిని. కానీ పిల్ల వణుకుడు చూసెతందుకు కండ్లు ఉండె గదా," అంది.

మూడో రోజు పిల్ల కళ్ళు తెరిచింది. తల్లి దాన్ని పేరు పెట్టి పిలిచింది, మళ్ళీ పిలిచింది. పిల్ల పైకప్పు వైపే చూస్తోంది. జ్వరం మెదడుకెక్కినప్పుడు ఇలా అవుతుందని, చెవులు తిరిగి రావడం కష్టమని డాక్టరు చెప్పారు.

నేను గూడేనికి తిరిగి వచ్చిన రోజు, అక్క బడి వెనక నా కోసం కాచుకుని ఉంది.

"ఆరోజే చెప్దమనుకున్న పంతులమ్మా. తెలుగుల ఎట్ల చెప్పాల్నో తెల్వలే," అంది.

తొమ్మిదేళ్ళ పిల్ల, తనదే తప్పన్నట్టు నిలబడి ఉంది. నీ తప్పు కాదు అని చెప్పడానికి కోయ మాట ఒక్కటీ నాకు రాదు. దగ్గరికి తీసుకున్నాను, అంతకంటే ఏమీ చేయలేకపోయాను.

ఏడాది చివర అధికారి వచ్చారు. పిల్లలు గడగడా చదివారు, దోమల సంగతి అడిగితే బొమ్మలు గీసి మరీ చెప్పారు. ఆయన మెచ్చుకుని, బడి మూయబోమని రాసి వెళ్ళారు. ఆ చిన్నపిల్ల ముందు వరసలో కూర్చుని నా పెదవుల వంక చూస్తూ ఉంది. చెవులు వినపడని పిల్లకు ఎలా చెప్పాలో నాకెవరూ నేర్పలేదు, నేర్చుకునే దారీ దొరకలేదు. పలక మీద రాసి చూపేదాన్ని, అది నవ్వేది. మరుసటి వానలకు రావడం మానేసింది. ఇంటికి వెళ్ళి పంపమని అడిగితే తల్లి కోపగించుకోలేదు.

"ఆడికొస్తే అందరి నోర్లు చూస్కుంట కూసుంటది పంతులమ్మా. ఇంటికాడ మా చేతులు చూస్తది, అర్థమైతది," అంది.

మరో రెండేళ్ళకు వైరా దగ్గరికి బదిలీ అయితే, పిల్లల చదువుల కోసమని అందరికీ చెప్పి వచ్చేశాను. మళ్ళీ అటు వెళ్ళలేదు.

ఇప్పుడు ఆ వాగు మీద వంతెన కట్టారట. వేలి మీద గుచ్చి పావుగంటలో మలేరియా అవునో కాదో చెప్పే పరీక్ష గూడెంలోనే చేస్తున్నారట. కోయ మాటలతో మొదలయ్యే వాచకాలు కూడా వచ్చాయని ఎవరో చెప్పారు. ఒక్కొక్కటి విన్నప్పుడల్లా సంతోషించబోయి ఆగిపోతాను. ఇవన్నీ ఆ ఒక్క పిల్ల విషయంలో ఆలస్యంగా వచ్చాయి. దానికిప్పుడు ముప్పై ఏళ్ళు దగ్గరపడుతుంటాయి. పిల్లలు పుట్టి ఉంటే, వాళ్ళు ఆ వంతెన మీదుగానే బడికి పోయి వస్తుంటారు. బడిలో విన్నది సాయంత్రం తల్లికి చెప్పుకోవాలంటే వాళ్ళకు తెలుగూ అక్కరకు రాదు, కోయా అక్కరకు రాదు. ఆమె ఎదురుగా కూర్చుని చేతులతోనే చెప్పుకోవాలి.