భూతద్దం అత్త కొత్త కన్ను

ఆ వీధిలో ఆమెను అందరూ భూతద్దం అత్త అనేవారు. పాత నాణేలు కొని అమ్మే కొట్లో, కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని, జనం తెచ్చిన నాణెం ఏపాటిదో చూసి చెప్పడం ఆమె పని. పెళ్లయిన కొత్తలో చేరింది. జుట్టు నెరిసినా అదే కుర్చీ.

టంకశాలవాళ్లు దాచుకునేవాళ్ల కోసం ప్రత్యేకంగా కొట్టే నాణేన్ని ప్రూఫ్ అంటారు. వచ్చినవాళ్లలో చాలామందిది ఒకటే మాట. "ఇది ప్రూఫ్ నాణెమేనండీ, ఎలా తళతళలాడుతోందో చూడండి!"

ఆమెదీ ఒకటే జవాబు. "కాదు నాయనా, ఎవరో తోమారు. తోమితే విలువ పోతుంది."

వాళ్ల ముఖాలు వాడిపోవడం చూసి చూసి, సాయంత్రం ఇల్లు చేరేసరికి ఆమెకు నోరు విప్పబుద్ధయ్యేది కాదు. భర్త బస్సుల డిపోలో మెకానిక్. "ఏంటి సంగతులు?" అని అడిగితే, "ఏముంటాయి, అవే" అని చెప్పులు విప్పుకుని పక్కమీద వాలిపోయేది. కొన్నేళ్లకు ఆయన అడగడం మానేశాడు. తర్వాత ఆయన రిటైరయ్యాడు, ఇల్లు ఇంకా నిశ్శబ్దమైంది.

చివరికి ఆమె కళ్లలో శుక్లాలు ముదిరాయి. నాణెం మీది అక్షరాలు అలుక్కుపోయినట్టు కనబడసాగాయి. కుడికన్నుకు ఆపరేషన్ చేయించుకుని, ఆస్పత్రికి దగ్గరని కొన్నాళ్లు చెల్లెలింట్లో ఉండిపోయింది.

ఇక్కడ భర్తకు పొద్దుపోలేదు. ఒకరోజు బీరువా సర్దుతుంటే ఆమె రేకు పెట్టె కనబడింది. అందులో ఆమె ముచ్చటపడి దాచుకున్న నాణేలున్నాయి. చాలావరకు చేతులు మారి అరిగి, నల్లబడ్డవే. ఒక్కటి మాత్రం బిగుతైన డబ్బీలో విడిగా ఉంది. పాపం, కళ్లు సరిగా కనబడక వీటిని మురికి పట్టనిచ్చింది అనుకున్నాడాయన. పాలిష్ డబ్బా, మెత్తటి గుడ్డ తెచ్చుకుని అన్నింటినీ ఓపిగ్గా తోమాడు. డబ్బీలో నాణేన్నీ బయటికి తీసి తుడిచాడు.

ఆమె ఇంటికొచ్చింది. కొత్త కంటికి అన్నీ కడిగిపెట్టినట్టున్నాయి. భర్త ముఖంలోకి చూసి, "ఇంత ముసలైపోయారేంటండీ!" అంది.

"నీ కన్ను బాగు చేయించడం నా పొరపాటే" అని నవ్వి, ఆయన పెట్టె తెచ్చి ముందు పెట్టాడు.

మూత తీయగానే మెరుపు. "డాక్టరు చెప్పాడులెండి, మొదట్లో అన్నీ ఇలా మెరుస్తాయని" అంది. ఆయన మెచ్చుకోలు కోసం చూస్తున్న పిల్లాడిలా నిలబడ్డాడు. ఆమె భూతద్దం అందుకుంది. అక్షరాల అంచులు మొద్దుబారాయి. బొమ్మ, దాని చుట్టూ ఖాళీ చోటు, అంతా ఒకటే నిగనిగ. దాని మీద ఒకేవైపు సాగిన సన్నని గీతలు. డబ్బీలో నాణెం తీసింది. దాని మీదా గీతలే.

"తోమారా?"

"బాలేదా?"

ఆమె భూతద్దం బల్లమీద పెట్టింది. కోప్పడదామన్నా ఓపిక రాలేదు. "పాడైపోయాయండీ. తోమకూడదు."

ఆయన ముఖం వాడిపోయింది. కొట్లో రోజూ చూసిన ముఖమే అది. "నాకేం తెలుసు? ఊళ్లో వాళ్లందరికీ చెబుతావు, నాకెప్పుడైనా చెప్పావా?" అన్నాడు.

ఆమె మళ్లీ భూతద్దం అందుకుంది. "కుర్చీ ఇటు లాక్కోండి" అంది.

డబ్బీ నాణేన్ని ఆయన అరచేతిలో పెట్టబోయి ఆగి, అంచులు పట్టుకోవడం నేర్పింది. "ఇది ప్రూఫ్. గీతలు పడ్డా ఖాళీ చోటు అద్దంలా ఉంది కదా? బొమ్మ మాత్రం మంచు పట్టినట్టు తెల్లగా ఉంది. అంచు చూడండి, ఎంత పదునో. మామూలు నాణేన్ని ఒక్కసారి కొట్టి వదిలేస్తారు. దీన్ని అద్దంలా నునుపు చేసిన అచ్చుతో నిదానంగా, ఒకటికి రెండుసార్లు కొడతారు."

"అంటే నునుపు చేసేది నాణేన్ని కాదు, అచ్చునా?"

"అచ్చునీ, ముద్ర పడకముందు బిళ్లనీ. పడ్డాక ముట్టుకోరు."

ఆయన భూతద్దంలోంచి చాలాసేపు చూశాడు. "ఈ గీతలు నావేనన్నమాట" అన్నాడు మెల్లగా.

"మీవే."

ఆమె పెట్టె మూసి పడుకుంది, నిద్రపట్టలేదు. ఆ ప్రూఫ్ నాణెం కోసం ఎన్నేళ్లు వెతికిందో గుర్తుకొస్తూనే ఉంది.

రెండో కన్ను కూడా అయ్యాక మళ్లీ కొట్టుకెళ్లింది. పని మారలేదు, మాటా మారలేదు. ఒకరోజు ఒకామె తళతళలాడే నాణెం పట్టుకొచ్చి, తండ్రి చనిపోతూ ఇచ్చిన ప్రూఫ్ అంది. భూతద్దం అత్త చూసింది, తోమినదే. చెప్పింది. వచ్చినామె బల్ల దగ్గరే నిలబడి ఏడ్చింది.

సాయంత్రం ఇల్లు చేరింది. భర్త తలుపు తీసి, "ఇవాళేం వచ్చాయి?" అన్నాడు. పడుకుంటే చాలనిపించింది ఆమెకు. గుమ్మం పక్క కుర్చీలో కూలబడి, చెప్పులు కూడా విప్పకుండా, ఆ ఏడ్చినామె సంగతి మొదటినుంచీ చెప్పసాగింది.