దీపాలు ఎక్కే కొండ

ఇవాళ దేవుడి గూట్లో వత్తి ఆరి, ఆ కమురు వాసన వంటింటి దాకా వచ్చింది. మా నానమ్మ ఆరిపోయిందని చచ్చినా అనేది కాదు. "దీపం కొండెక్కిందిరా" అనేది.

మా ఊరి వెనకే కొండ. ఆరిన దీపాలన్నీ అక్కడికే పోతాయని చిన్నప్పుడు నేను గట్టిగా నమ్మాను. ఒక ఆదివారం పొద్దున్నే నా ఈడు పిల్లలు నూకరాజునీ లక్ష్మినీ వెంటేసుకుని, జేబులో బెల్లం ముక్కతో బయల్దేరాను. సగం ఎక్కేసరికి నూకరాజు రాయి మీద కూలబడ్డాడు.

"అంత సిన్న దీపవే ఎక్కేసిందంట. నువ్వెక్కలేవేటి?" అంది లక్ష్మి.

వాడు మూతి ముడుచుకుని లేచాడు.

పైన దీపం కాదు కదా, నూనె మరక కూడా లేదు. గాలి మాత్రం మమ్మల్ని తోసేస్తోంది. కింద చెరకు తోటలు, బెల్లం పొయ్యిల పొగ, అగ్గిపెట్టెంత మా ఇల్లు. ముగ్గురం గొంతులు పోయేలా కేకలేశాం.

"దీపాల్లేవు నానమ్మా. మేవే ఎక్కేం" అన్నాను ఇంటికొచ్చి.

ఆవిడ నవ్వలేదు. నా కాళ్ల మీద నీళ్లు పోస్తూ, "గాలికి నిలబడలేక దిగిపోయుంటాయిరా. మీరు నిలబడ్డారు గదా" అంది.

కొండెక్కడం అన్న మాటకి అసలు అర్థం చాలా ఏళ్లకి తెలిసింది. ఆ రోజు గర్వం మాత్రం నాకింకా కొండెక్కలేదు.