పొయ్యిరాళ్లు

హుకుంపేట కొండల్లో దుంపలు విరగకుండా తవ్వి తీసిన చెయ్యి కాబట్టే, యానాంలో ఫ్రెంచి దొరల నాటి బంగళా తవ్వకానికి పాంగి ముక్తమ్మను పిలిపించారు. గొంతుక్కూర్చుని, మట్టిని ముందు వేళ్లతో నలిపి, వాసన చూసి, ఆ తర్వాతే తాపీ ఆనిస్తుంది. పింగాణీ పెంకు దొరికితే ఈ పురావస్తు తవ్వకం నడిపే హారిక మేడమ్ దానికి నంబరు వేసి దూదిలో పెడతారు. ఒకరోజు పెరటివైపు గోతిలో మసిపట్టిన మూడు రాళ్లు బయటపడ్డాయి.

"పొయ్యి మేడమ్. దొరకి వండినోలు ఈడే వండుకు తిన్నారు."

"మనకు కావలసింది బంగళా గోడమ్మా. అవి తీసేసెయ్."

ముక్తమ్మ ఊళ్లో ఇల్లు విడిచిపోయినా పొయ్యిరాళ్లు కదపరు. చనిపోయిన పెద్దలు అక్కడే కూర్చుంటారని నమ్మకం. ఆమె మూడింటినీ కొంగుతో తుడిచి, ఒక్కొక్కటే మోసుకెళ్లి మట్టికుప్ప మీద పెట్టి వచ్చింది. సాయంత్రం ఫొటో తీస్తూ మేడమ్, గొయ్యి అద్దంలా వచ్చిందని ముక్తమ్మ చేతిని మెచ్చుకున్నారు.