ఒక్క పేరు తీసేశాక

మా జగ్గయ్యపేట రక్తదాతల బృందానికి కంప్యూటర్‌లో జాబితా తయారుచేసింది నేనే. ఊళ్ళకొక పట్టిక, దాతలకొక పట్టిక. ప్రతి దాతకూ ఒక ఊరు, ప్రతి ఊరికీ దాతల్లోంచే ఒక బాధ్యుడు. ఊరిని తీసేస్తే ఆ ఊరి దాతలూ, బాధ్యుణ్ణి తీసేస్తే అతని ఊరూ వాటంతట అవే పోయేలా రెండువైపులా నియమం పెట్టాను. మొదట వాడిన డేటాబేసు ఈ నియమం గుండ్రంగా తిరిగి మొదటికే వస్తోందని ఒప్పుకోలేదు. విసుగొచ్చి, ఒప్పుకునే దానికి మారాను. అదో తెలివి అనుకున్నాను.

చిల్లకల్లు బాధ్యుడు హైవే మీద ప్రమాదంలో పోయాడు. నెల తిరక్కుండా ఆయన భార్య నాకు ఫోన్ చేసింది. రక్తం కావాలంటూ ఆయన నంబరుకు ఇంకా ఫోన్లు వస్తున్నాయట.

"ఆయన లేరని ప్రతిసారీ నేనే చెప్పాల్సొస్తందండి. పేరు తీసెయ్యండి," అంది.

అప్పుడే తీసేశాను. మధ్యాహ్నం నందిగామ ఆసుపత్రి నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. కాన్పుకొచ్చిన కూతురికి ఓ నెగెటివ్ రక్తం కావాలి. చిల్లకల్లులో ముగ్గురున్నట్టు నాకు గుర్తు. వెతికితే ఒక్కరూ లేరు. అసలు చిల్లకల్లే లేదు, బాధ్యుడి పేరుతోపాటే పోయింది. వత్సవాయీ లేదు. చిల్లకల్లు దాత ఒకామె వత్సవాయికి బాధ్యురాలు. ఆమెతో ఆ ఊరూ, ఊరితో అక్కడివాళ్ళూ పోయారు. వాళ్ళలో ఒకాయన వీరులపాడు బాధ్యుడు. అదీ పోయింది. కంప్యూటర్ తప్పేమీ చెయ్యలేదు, నేను చెప్పిందే చేసింది. నకలు కూడా దాచుకోలేదు నేను.

సిగ్గు విడిచి చిల్లకల్లు బాధ్యుడి భార్యకే ఫోన్ చేశాను. జరిగింది చెప్పి, ఆయన ఫోన్లో దాతల నంబర్లున్నాయా అని అడిగాను.

"ఉన్నాయండి. పేరు పక్కనే బ్లడ్ గ్రూపు కూడా పెట్టుకున్నారు. చదవనా?"

ఒక్కొక్కటే చదివింది. ఓ నెగెటివ్ వాళ్ళకు ఫోన్ చేశాను. రెండో నంబరు మనిషి పత్తిచేలోంచి అటునుంచటే బండి మీద నందిగామ వెళ్ళాడు. తల్లీ బిడ్డా గట్టెక్కారు.

బాధ్యుడు పోయినా ఊరు మిగిలేలా నియమం మార్చాను. పేర్లన్నీ మళ్ళీ కూడగట్టడానికి నెలలు పట్టింది. కొన్ని దొరకనేలేదు.

ఆ రోజు ఫోన్ పెట్టేసే ముందు ఆమె అడిగింది. "ఆయన పేరు తీసెయ్యమన్నందుకేనా అండీ ఇదంతా?"

కాదమ్మా, తప్పు నాది అన్నాను. నమ్మిందో లేదో.