గుమ్మటం మీద తడి గోతాలు

మొన్న ఆదివారం పొద్దున మా ఊరి మసీదు మైకులో, హైస్కూల్లో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన కరుణమ్మ టీచరు గారు కాలం చేశారని చెప్పారు. కాసేపటికి చర్చి మైకులో అదే వార్త, ఆమె ప్రభువునందు నిద్రించారని. రెండు మైకులూ కలిసి ఒకే మనిషి కోసం పలకడం మా ఊళ్లో నేనెన్నడూ వినలేదు. ఉద్యోగకాలమంతా ఆమె పక్క గదిలో తెలుగు చెప్పినవాణ్ణి. సంతాపసభలకు మాటలు సర్దిపెట్టే పని ఊళ్లో నాదే. ఆమెకూ ఆ పని నా మీదే పడింది.

మనిషి పొట్టి, గొంతు పెద్దది. ఆమె తరగతిలో నవ్వితే నా తరగతిలో పద్యం ఆగిపోయేది. పాఠ్యపుస్తకంలో లేకపోయినా ఏటా ఒక పాఠం తప్పకుండా చెప్పేది, పరాయి దేశంలో సమర్కండు అనే నగరంలో రాణి పేరిట వెలసిన మహా మసీదు గురించి. సిలబసులో లేనిది ఎందుకమ్మా అని హెడ్మాస్టరు గారు అడిగితే, ఢిల్లీ దోచుకుపోయిన ఆ చక్రవర్తి మన రాతిపనివాళ్లనూ ఏనుగులనూ తీసుకుపోయి కట్టించిన మసీదండీ, మనవాళ్ల చెమట ఉన్నచోటు మన పాఠం కాదా అని ఎదురు అడిగింది.

ఆ పాఠం ముందు కథతో మొదలయ్యేది. చక్రవర్తి యుద్ధానికి వెళ్లగా, ఆయన తిరిగొచ్చేలోపు రాణి మసీదు కట్టించ పూనుకుంది. శిల్పి ఆమెపై మనసుపడి, ఒక్క ముద్దిస్తేనే పని పూర్తిచేస్తానని మొండికేశాడు. తిరిగొచ్చిన రాజుకు అది తెలిసి వాడి తల తీయమన్నాడు. ఈ ముద్దు సంగతి ఇళ్లకు చేరి హెడ్మాస్టరు గారు మందలించడంతో, మరుసటి ఏడు ఆమె శిల్పి చేత నమస్కారం అడిగించింది. ఒక్క దండానికే రాజు తల తీయిస్తాడా టీచర్ అని వెనక బెంచీ అడిగింది. పిల్లలే గెలిచారని ఒప్పుకుని మర్నాడే ముద్దును పునఃప్రతిష్ఠించింది. కథ చివర ఆ శిల్పి రెక్కలు కట్టుకుని మీనారు మీదనుంచి ఎగిరిపోయేవాడు. పిల్లలు అంతవరకూ కదిలేవారు కాదు.

తరువాత గొంతు తగ్గించి, ఇది కథ, ఇక చరిత్ర వినండి అనేది. ముసలితనంలో ఉన్న చక్రవర్తి కళ్లారా చూసుకోవాలని పనివాళ్లను తరిమి తరిమి కట్టించాడు. అనతికాలంలోనే నమాజు చేసేవాళ్ల మీద ఇటుకలు రాలాయి. భూకంపాలు మిగిలినదాన్ని కూల్చాయి. మొన్నమొన్నటి తరం దాన్ని మళ్లీ నిలబెట్టింది. “దాన్ని శత్రువు కూల్చలేదర్రా, తొందర కూల్చింది,” అని సుద్దముక్క బల్లమీద పెట్టేది.

రిటైరయ్యాక చర్చివాళ్లంతా యెరూషలేము యాత్రకు బయలుదేరితే ఆమె సమర్కండుకు టికెట్టు కొనుక్కుంది. పాస్టరు గారు చిన్నబుచ్చుకున్నారు. “యెరూషలేము ఎలాగూ పైన చూస్తానండి, సమర్కండు అక్కడ ఉండదు కదా,” అని ఆయన్నే నవ్వించింది. తిరిగొచ్చి నాతో సగం మురిపెంగా, సగం నిష్ఠూరంగా చెప్పింది. నీలి గుమ్మటం కొత్త పలకలతో మెరిసిపోతోందట, లోపల మాత్రం అప్పుడే పగుళ్లట. పలకలు అతికించని ఒక మూల పాత ఇటుక మీద చెయ్యిపెట్టి, అక్కడే ఎక్కువసేపు నిలబడిందట.

ఆ చెయ్యే మా ఊరి మసీదును కాపాడింది. మిర్చి యార్డుకు వెళ్లే దారిలో ఉన్న ఆ చిన్న మసీదు గుమ్మటం కారుతుంటే, రంజానులోపు పడగొట్టి స్లాబు వెయ్యాలని కమిటీ తీర్మానించింది. కమిటీ అధ్యక్షుడు ఖాసిం మిర్చి వ్యాపారి, ఆమె శిష్యుడు. టీచరు పిలవకుండానే కమిటీ సమావేశానికి వెళ్లి కుర్చీ వేయించుకుంది. సిమెంటు పూసి సరిపెడదామని ఒకరు, స్లాబే నయమని మరొకరు అంటుంటే ఆమె శిష్యుణ్ణి ఒక్కటే అడిగింది.

“ఏరా ఖాసిం, కాయ ఆరకుండా గోతంలో తొక్కితే ఏమవుద్ది?”

“బూజు పడుద్ది టీచర్.”

“గోడైనా అంతే. లోపలి తడిని సిమెంటుతో మూసేస్తే అక్కడే కుళ్లుద్ది. సున్నమైతే ఊపిరి పీల్చుకుంటది.”

మిర్చి ఊరికి ఇంతకుమించిన వ్యాఖ్యానం అక్కర్లేదు. స్లాబు మాట మాని, పాతకాలపు పద్ధతిలో కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లతో గానుగ సున్నం నూరించారు. రంజాను గడువు వదిలేశారు.

సున్నపు పూత మెల్లగా గట్టిపడాలంటే పైన తడి గోతాలు కప్పి, అవి ఆరకుండా రోజూ నీళ్లు పోస్తుండాలి. ఖాసిం తన గోడౌను నుంచి ఖాళీ గోతాలు పంపాడు. అవన్నీ మిరపకాయలు తొక్కినవని ఎవరికీ తట్టలేదు. వాటిని దులిపి గుమ్మటానికి చుట్టిన మధ్యాహ్నం, కింద నమాజులో ఉన్నవాళ్లు వరసలు వరసలుగా తుమ్మారు. ఇమాం గారికి గొంతు పెగల్లేదు. వార్త విని టీచరు కళ్లనీళ్లు వచ్చేలా నవ్వి, చక్రవర్తికి ఇంత ఘాటు పనివాళ్లు దొరకలేదు మాస్టారూ అంది. గోతాలను కాలవలో ఉతికి మళ్లీ కప్పారు.

అప్పటికే జబ్బు ఆమెను మంచానికి చేర్చింది. ఆ గుమ్మటాన్ని పూర్తయ్యాక చూడాలని ఆమె కోరిక. మేం వెళ్లినప్పుడల్లా ఇంకా ఎన్నాళ్లని అడిగేది. ఉండబట్టలేక ఖాసిం, గోతాలు ఇప్పుడే తీసేసి ఆటోలో తీసుకెళ్లి చూపిస్తానన్నాడు. ఆమె కాసేపు ఆశగానే అతని వైపు చూసింది. ఆ చూపు నేను చూశాను. తరువాత నవ్వింది.

“ఒద్దురా. నేనూ ఆ చక్రవర్తిలాగే తొందరపెడుతున్నా. అది గట్టిపడేదాకా ఆగండి, నాకోసం తడపడం ఆపకండి.”

అదే నేను విన్న ఆమె చివరి పాఠం. నాకింకా కోపంగానే ఉంది. ఒక్క పక్షం రోజులు ఆ మనిషిని ఉంచితే పైవాడికి ఏం పోయింది? అంతటి నవ్వు మా ఊళ్లో మళ్లీ పుట్టదు.

సమాధి కార్యక్రమం అయ్యాక, బైబిలు చేతనున్నవాళ్లూ టోపీ పెట్టుకున్నవాళ్లూ కలిసి మసీదు దాకా నడిచారు. గోతాలు ఇంకా తియ్యలేదు. పూత గట్టిపడడానికి ఇంకా గడువుంది. ఖాసిం నిచ్చెన వేశాడు. మోకాళ్ల నొప్పులున్న నేనూ ఎక్కాను. కింద నుంచి అందించిన బిందెలోని నీళ్లు గోతాలు తడిసేదాకా నిదానంగా పోశాను.