చప్పుడు లేని బంతి

ప్రతి గురువారం సాయంత్రం మా హాల్లో ఒక పంచాయితీ జరుగుతుంది. మర్నాడు శుక్రవారం తెల్లవారుజామున ఆడబోయే మ్యాచ్‌లో ఎవరు దిగాలి, ఎవరు పక్కన కూర్చోవాలి అన్నది తేల్చే పంచాయితీ. మా అబ్బాయి ఆ టీముకు మేనేజరు. టీమంటే మరీ గొప్పదేం కాదు. ఈ అరబ్బు దేశంలో మేముండే అల్ మవాలేలో దుకాణాల్లోనూ సైట్లలోనూ ఆఫీసుల్లోనూ పనిచేసే మనవాళ్ళంతా కలిసి పెట్టుకున్నది. హాలు మాది కనుక టీ నా బాధ్యత. పాలు దండగని సులేమానీయే పోస్తాను. చక్కెర నేనే కలిపి ఇస్తాను. డబ్బా మధ్యలో పెడితే ఒక్కొక్కడు మూడు చెంచాలు గుమ్మరించుకుంటాడు.

ఆ చలికాలమంతా పంచాయితీ ఒక్క చోటు గురించే నడిచింది. వికెట్ల వెనక కీపరు నిలబడే చోటు.

అప్పటికి మా కీపరు కడప నుంచి వచ్చిన టైలరు. నలభై అయిదు దాటిన మనిషి. మా వీధి చివర దుకాణంలో ఇక్కడి మగవాళ్ళు వేసుకునే పొడుగు తెల్ల అంగీలు కుట్టేవాడు. టీముకు చొక్కాలిచ్చింది కూడా ఆ దుకాణం యజమానే. ఆయన్ని అందరూ అర్బాబ్ అంటారు. టైలరుకు ఏ జ్వరమో వస్తే నిలబడటానికి ఇద్దరిని సిద్ధంగా పెట్టుకున్నారు. మొదటివాడు జగిత్యాల వైపు కుర్రాడు, సైట్లో ఇనుప కడ్డీలు కడతాడు. రెండోవాడు గోదావరి జిల్లా అకౌంటెంటు. కొత్త గ్లవ్స్ కొనుక్కున్నాడు గాని వాటి ప్లాస్టిక్ కవరు ఇంకా తీయలేదు.

నేను కూడా గ్రౌండుకు వెళ్తాను. ఆట మీద మోజుతో కాదు. ఫ్లాస్కు పంపిస్తే తిరిగి రాదు, అందుకని. గ్రౌండంటే పచ్చిక ఏమీ లేదు. చుట్టూ గులకరాళ్ళ నేల, మధ్యలో సిమెంటు పట్టీ, దాని మీద పరిచే చాప, దూరంగా నల్లటి కొండలు. వెలుతురు రాకముందే వెళ్ళి, ఎండ ముదరకముందే వచ్చేస్తాం.

టైలరు కీపింగు చూస్తే నాకు ఎందుకో ఒళ్ళు జలదరించేది. బౌలరు పరిగెత్తుకొస్తుంటే మిగతావాళ్ళంతా బంతి వైపు చూస్తారు. ఈయన మొహం మాత్రం కొండల వైపు తిరిగి ఉండేది. పెదాల మీద చిన్న నవ్వు. ఎవరో చెప్తున్న మాట వింటున్నట్టు మెడ కాస్త పక్కకు వంచి ఉండేవాడు. బంతి చాప మీద పడగానే చేతులు కదిలేవి. మొహం కదిలేది కాదు. మొహం ఒక మనిషిది, చేతులు ఇంకొకరివి అన్నట్టు ఉండేది. బంతి వచ్చి గ్లవ్స్‌లో పడేది.

అయితే పైకి లేచిన బంతిని ఆయన ఎన్నడూ పట్టలేదు. బ్యాటుకు తగిలి నెత్తిమీదికి లేచినా సరే, కదలకుండా నిలబడి, "నీదే, నీదే" అని పక్కవాడికి వదిలేసేవాడు.

దీనికి మావాళ్ళు ఒక కథ అల్లారు. అంతకు కొన్ని నెలల ముందు టీమంతా నిజ్వా అనే ఊరి వైపు మ్యాచ్‌కు వెళ్ళారు. దారిలో పాత మట్టికోట ఒకటుంది. దాని గోడ నీడలో ఈయన ఒక్కడే కాసేపు పడుకున్నాడట. ఆ వైపు జిన్నులు తిరుగుతాయని ఇక్కడివాళ్ళే చెప్తారు. అప్పటి నుంచి మనిషి వెనకాల ఏదో వచ్చిందని, బంతులు పట్టేది అదేనని, ఆకాశం నుంచి దిగేది దానికి పడదు గనుకనే పైకి లేచినవి వదిలేస్తాడని చెప్పుకున్నారు. మొదట నవ్వుతూ అన్నారు. తరవాత నవ్వడం మానేశారు.

మానేసింది మంచు దిగిన శుక్రవారం నుంచి. సముద్రం వైపు నుంచి తెల్లటి మంచు వచ్చి గ్రౌండు మీద పడింది. నాకు వికెట్లే కనిపించలేదు. ఆపుదామని అంపైరు అరిచేలోపే బౌలరు చేతిలోంచి బంతి వెళ్ళిపోయింది. అది చాప మీద పడనే లేదు, నేరుగా వెళ్ళిందని తరవాత బౌలరే చెప్పాడు. బ్యాటు పట్టుకున్నవాడు దాన్ని చూడలేక కూలబడ్డాడట. నాకు మంచులోంచి గ్లవ్స్‌లో బంతి పడిన చప్పుడు ఒక్కటే వినిపించింది. తెర కాస్త తొలిగేసరికి టైలరు కొండల వైపు నవ్వుతూ ఉన్నాడు.

ఆ వచ్చిన గురువారం, టైలరు రాని పూట చూసి, కడ్డీల కుర్రాడు హాల్లో నోరు విప్పాడు. "అన్నా, ఆయన జాగల నన్ను నిలబెట్టకు. మొన్న ప్రాక్టీసుల ఆయన గ్లవ్స్ ఏస్కున్న. లోపట చల్లగున్నయ్. నా చేతులు నేను చెప్పినట్టు ఇనలే."

"కడ్డీలు కట్టీ కట్టీ నీ చేతులు తిమ్మిరెక్కినయ్ రా" అన్నాడు మా అబ్బాయి.

అకౌంటెంటు గొంతు తగ్గించాడు. "నన్ను మాత్రం లెక్కలోకి తీసుకోకండి బాబూ. మా ఆవిడకి తెలిస్తే గ్లవ్స్‌తో పాటు నన్నూ బయట పడేస్తుంది."

టైలరును తీసేద్దామంటే, ఎందుకు తీశారని అర్బాబ్ అడుగుతాడు. ఉంచుదామంటే రూములో ఆయన పక్క మంచం మీద పడుకోవడానికి ఎవరూ ఒప్పుకోవడం లేదు. చివరికి కడ్డీల కుర్రాడే దారి చూపించాడు. నిజ్వా దాటాక ఒక పల్లెలో పెద్దాయన ఉన్నాడట. ఇనుము ఎర్రగా కాల్చి మెడ వెనక వాత పెడితే జిన్ను దిగిపోతుందట. రేపు కాక ఆ పై శుక్రవారం నమాజు అయ్యాక కారులో తీసుకెళ్దామన్నాడు. ఆశ్చర్యమేమిటంటే, మర్నాడు వెళ్ళి చెప్పగానే టైలరు సరేనన్నాడట.

ఆ మాట వినగానే నాకు గుర్తొచ్చింది ఆయన సూదులు. ఎండాకాలం నుంచి, మధ్యాహ్నం దుకాణం మూసే వేళకు మా ఇంటికి వచ్చి, చేతిసూదుల పొట్లం నా ఒళ్ళో పెట్టేవాడు. "పెద్దమ్మా, దారాలెక్కించి పెట్టు. నాకు టైం ల్యా" అనేవాడు. నా కళ్ళకు ఊళ్ళో ఆపరేషన్ అయింది కనుక నాకు దారం బాగానే ఎక్కుతుంది. టైలరుకు ముసలిదాని చేత దారం ఎక్కించుకునే పనేమిటని ఒక్కసారి కూడా అడగలేదు. నా పనేదో నాది. ఇప్పుడు మాత్రం ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూశాను. కొండల వైపు తిరిగిన మొహం, వదిలేసిన ఎత్తు బంతులు, సూదులు.

బుధవారం మధ్యాహ్నం ఆయన వచ్చినప్పుడు తలుపు దగ్గరే ఆపాను.

"నా చేతిల ఏమున్నది?"

"ఏముంటుంది పెద్దమ్మా, గరిటె" అన్నాడు నవ్వుతూ.

నా చేతిలో ఏమీ లేదు.

ఆయన నవ్వు మెల్లగా పోయింది. గోడ తడుముకుని చెప్పులు విడిచే చోటే కూర్చున్నాడు. "తెల్లగా ఉంటుంది పెద్దమ్మా. పాలల్లో తల ముంచినట్టు. నీడలు తెలుస్తాయి, అంతే. మెషిన్ మీద చేతులకు అలవాటు కాబట్టి నడుస్తాండాది."

"చెప్పకుండ ఎన్నొద్దులు నడిపిస్తవు? వాతలు పెడితే కండ్లొస్తయా?"

"రావు. తెలుసు. కానీ జిన్ను పట్టిందంటే జాలి పడతారు. కళ్ళు పోయినాయంటే ఊరికి టికెట్ చేతిలో పెడతారు. ఇంటికాడ ఇద్దరు ఆడపిల్లలు సదువుకుంటాండారు పెద్దమ్మా. ఎవ్వరికీ చెప్పొద్దు, నీ కాళ్ళు పట్టుకుంటా."

"కాళ్ళు పట్టుకునుడు నాకు నచ్చదు. రేపు పంచాయితీల నువ్వే చెప్పు. నువ్వు చెప్పకుంటే నేనే తేలుస్త."

ఆయన చెప్పలేదు.

గురువారం అందరూ వచ్చారు. చలికాలమైనా అంతమంది ఉక్కకు ఏసీ వేసి ఉంది. పొద్దు ఇంకా గూకలేదు. బాల్కనీ అద్దాల తలుపులోంచి ఎండ ఆయన మొహం మీదే పడుతోంది. ఆ ఎండలో కళ్ళు చికిలించాల్సిన మనిషి చికిలించలేదు. కడ్డీల కుర్రాడు కారు మాట్లాడానని చెప్తున్నాడు. టైలరు ఆ గొంతు వైపు మొహం తిప్పి, బుద్ధిమంతుడిలా తలాడిస్తున్నాడు. నా ఒళ్ళో ఆరిన బట్టల బుట్ట ఉంది. మా అబ్బాయి సాక్సులు జతచేసి ఉండలా చుట్టాను.

"ఆ ఏసీ కట్టెయ్" అన్నాను.

కట్టేశారు. చప్పుడంతా ఆగిపోయింది. నేను లేచి, ఉండను ఆయన మొహం మీదికే విసిరాను.

సాక్సుకు చప్పుడేముంటుంది! అది ఎండలోంచి వెళ్ళి ఆయన నుదుటికి తగిలి ఒళ్ళో పడింది. తగిలేదాకా ఆయన రెప్ప వాల్చలేదు. తగిలాక కూడా ఆ నవ్వు అలాగే ఉంది, కారు గురించి చెప్తున్నవాడి వైపే. ఆయన నుదురు తడుముకుని, "ఎవరు?" అన్నాడు.

జిన్ను మాట విన్నప్పుడు కూడా మావాళ్ళ మొహాలు అంతగా పాలిపోలేదు. కడ్డీల కుర్రాడు గోడకు ఆనుకుపోయాడు. "అన్నా, ప్రాక్టీసుల నేను గుంజి గుంజి ఏసిన బాల్స్‌కు నువ్వు కండ్లు లేకుండ నిలబడ్డవా? మొఖానికి తగిలి సస్తే నేను ఎవలికి జవాబు చెప్తునే!"

"మరి అన్నీ ఎలా పట్టేశారండీ?" అన్నాడు అకౌంటెంటు.

"చాప మీద పడితే చప్పుడొస్తుంది గదప్పా. బ్యాటుకు తగలకపోతే బంతి ఆ చప్పుడు దారినే నా కాడికి వస్తుంది. దానికి చేతులు అడ్డం పెడతా."

"మొన్న మంచులో వేసింది చాప మీద పడలేదు కదండీ?"

టైలరు ఒళ్ళో పడ్డ ఉండను తడిమాడు. "అది నాకూ తెలీదు" అన్నాడు.

నేను వెళ్ళి ఏసీ వేశాను.

మా అబ్బాయి మెత్తనివాడు. ఈ సంగతి గదిలోనే ఉంచేద్దాం, ఊరికే కీపరును మారుద్దాం అన్నాడు. నేను ఒప్పుకోలేదు. రేపు మెషిన్ సూది వేలిలో దిగితే అర్బాబ్‌కు ఎలాగూ తెలుస్తుంది. ఇప్పుడే ఆ దుకాణానికి వెళ్ళి, టైలరు తన నోటితో తను చెప్పాలి, పక్కన మా అబ్బాయి ఉండాలి అన్నాను. టైలరు మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకోలేదు. కడ్డీల కుర్రాడి భుజం పట్టుకున్నాడు. అంతవరకు ఆయన పక్కన కూర్చోనివాడు ఆ చెయ్యిని దులుపుకోలేదు.

వాళ్ళు వెళ్ళిన కాసేపూ నాకు ఒక్క పనీ సాగలేదు. ఆయన ఉద్యోగం పోతే అది నా మాట వల్లే పోయినట్టు. అయినా అనకుండా ఉండేదాన్ని కాదు.

తిరిగొచ్చాక మా అబ్బాయి చెప్పాడు. అర్బాబ్ అంతా విని లేచి, టైలరు గడ్డం పట్టుకుని మొహం పైకెత్తి, లైటు కింద రెండు కళ్ళూ చూశాడట. తన తండ్రి కళ్ళు కూడా ఇలాగే తెల్లబడ్డాయన్నాడట. "జావ్, ఠీక్ కరో, ఆవ్. మషీన్ ఇధర్ హీ హై" అన్నాడట. పోయి బాగు చేయించుకుని రా, నీ మెషిన్ ఎక్కడికీ పోదు అని. టైలరు అక్కడే నేల మీద కూర్చుని ఏడ్చాడట.

ఊరికి వెళ్తే కడపలో డాక్టరు అది శుక్లమన్నాడు. షుగరు వల్ల ముందే వచ్చిందట. ముందు ఒక కంటికి, తర్వాత రెండోదానికి ఆపరేషన్ చేశారు. ఆయన లేనన్నాళ్ళూ కడ్డీల కుర్రాడే కీపరు. టైలరు నిలబడే చోట మాత్రం నిలబడేవాడు కాదు, ఒక అడుగు పక్కకు జరిగేవాడు. పైకి లేచినవన్నీ పట్టేవాడు, కింద వచ్చినవి వదిలేవాడు. అకౌంటెంటు గ్లవ్స్ కవరు అప్పటికీ విప్పలేదు.

ఎండలు ముదరకముందే టైలరు తిరిగొచ్చాడు. నల్లద్దాలు పెట్టుకుని మా ఇంటికి వచ్చి, నన్ను చూసి, "పెద్దమ్మా, నువ్వు ఇంత పొట్టిదానివా!" అన్నాడు. డాక్టరు సరేనన్నాక మొదటి శుక్రవారం గ్లవ్స్ వేసుకుని వికెట్ల వెనక నిలబడ్డాడు. మొహం ఇప్పుడు బౌలరు వైపే ఉంది. మొదటి బంతి వస్తుంటే వెనక్కి జరిగాడు. రెండోదానికి తల పక్కకు తిప్పేశాడు. ఓవరు అయ్యేసరికి ఒక్కటీ చేతిలో నిలవలేదు.

ఆ వచ్చిన పంచాయితీలో ఆయనే చెప్పాడు. కడ్డీలాయన మొదటి కీపరు, అకౌంటెంటు రెండో వాడు, తను మూడో వాడు. "నిలబడలేనప్పా. అదేం స్పీడు, యా అల్లా! ఇన్నాళ్ళూ కనపడక నిలబడినా."

"నన్ను మూడోవాడిగా రాయండి సార్, మీరే రెండు" అని అకౌంటెంటు బతిమాలాడు. ఎవరూ వినలేదు.

టైలరు ఉద్యోగం ఉంది, ఆయన కూతుళ్ళ చదువు సాగుతోంది. ఇప్పుడాయన మ్యాచ్‌లలో నా పక్కనే చాప వేసుకుని కూర్చుంటాడు. టీ ఇస్తే రెండో కప్పు అడగడు, అది మంచి గుణం. కానీ ఒక్కోసారి గాలి ఆగిపోయి, ఫీల్డర్లంతా ఊపిరి బిగబట్టి నిలబడ్డప్పుడు, ఆయన కళ్ళు మూసుకుంటాడు. బౌలరు ఇంకా పరుగు మొదలుపెట్టి ఉండడు. ఆయన రెండు చేతులూ ఒళ్ళోంచి మెల్లగా లేస్తాయి, ఒక పక్కకు.

"కండ్లు తెరువు" అంటాను.

తెరుస్తాడు. చేతులు దిగడానికి ఇంకొంచెం సేపు పడుతుంది.