గెడ్డ గట్టున నా మైకు ఉద్యోగం

మొన్న విశాఖపట్నంలో గొంతు డాక్టరు నా నోట్లోకి దీపం వేసి, అద్దం పెట్టి, చాలాసేపు చూసి, మీరు ఎప్పుడైనా గట్టిగా అరవాల్సిన పని చేశారా అని అడిగాడు. సంతల్లో గాజులు అమ్మానని చెప్పాను. ఆ కుర్ర డాక్టరు చిన్నగా నవ్వి, కొన్నాళ్ళు వీలైనంత తక్కువ మాట్లాడమని మందులు రాసి పంపేశాడు. బయట బెంచీ మీద, మందుల కోసం వెళ్ళిన కోడలి కోసం ఎదురుచూస్తూ కూర్చున్నప్పుడు తట్టింది, ఆయనకు నేను సగమే చెప్పానని. గాజులు అమ్మడం ఇంటి వ్యాపారం. అరవడమే పనిగా, అరిచినందుకే కూలి పుచ్చుకున్న ఉద్యోగం వేరే ఒకటుంది. అది నాకు వరదల్లో దొరికింది, వరదలు తగ్గాక పోయింది, మళ్ళీ వానలు ముంచితే వచ్చేది. అయినా ఇన్నేళ్ళ తరువాత కూడా నేను చేసిన ఉద్యోగం ఏదని ఎవరైనా అడిగితే మనసులో ముందుగా మెదిలేది అదే.

మాది విజయనగరం దగ్గర పల్లం ఊరు. నాన్న గాజుల మలారం భుజాన వేసుకుని, అమ్మనూ పిల్లలనూ వెంటబెట్టుకుని అరకు వచ్చి, అక్కడి సంతవీధిలో ఒక రేకుల గది అద్దెకు తీసుకుని స్థిరపడ్డాడు. వారానికి ఒక్కో రోజు ఒక్కో ఊళ్ళో సంత. తెల్లవారకముందే గాజుల పెట్టెలు జీపు మీదికెక్కించి, ఇంకొకరి బుట్టల మధ్య, కోళ్ళ మధ్య ఒదిగి కూర్చుని వెళ్ళేవాళ్ళం. కొండ ఆడవాళ్ళు గాజులు తొడిగించుకునేటప్పుడు నా ఎదుట గొంతుక్కూర్చుని చెయ్యి నాకు అప్పగించేసి, ఇక ఎక్కడెక్కడి కబుర్లో చెప్పేవారు. ఒక చెయ్యి మన చేతిలో ఉన్నంతసేపూ ఆ మనిషి మాట వినక తప్పదు కదా. అలా వినీ వినీ వాళ్ళ కొండ ఒడియా నాకు తెలియకుండానే వచ్చేసింది. ఆ వరదలనాటికి నాకు పద్దెనిమిదీ పంతొమ్మిదీ మధ్య. పదో తరగతితో చదువు ఆగింది. గొంతు మాత్రం ఎక్కడా ఆగేది కాదు. సంతలో ఈ చివర నిలబడి పిలిస్తే ఆ చివర పశువుల దగ్గరున్న వాళ్ళు తిరిగి చూసేవారు. సంతలో దాన్ని మెచ్చుకునే నాన్నే, ఇంటికొచ్చాక మాత్రం ఊరుకునేవాడు కాదు.

“గొంతు తగ్గించవే గుంటా, ఈధంతా ఇంటన్నారు,” అనేవాడు.

తొంభైల్లో ఒక ఏడు, దసరా వెళ్ళాక పట్టిన వాయుగుండం నా ఈడు అరకువాళ్ళు మరిచిపోయి ఉండరు. వాన ఆగడమన్నది లేదు. గాలికొండల మీంచి బండలు దొర్లి రైలు పట్టాల మీద పడ్డాయి. ఘాట్ రోడ్డు రెండు మూడు చోట్ల తెగింది. మా వీధి వెనకాల గట్టు జారి బురద మా గది వెనక గోడను తోసుకుని లోపలికొచ్చింది. మనుషులం ముందు వసారాలో ఉన్నాం కనక బతికాం గానీ, సంక్రాంతి దాకా సరిపడా తెచ్చి పెట్టుకున్న గాజులన్నీ పెట్టెలతో సహా ఆ బురద కింద నలిగిపోయాయి. మర్నాడు అమ్మా నేనూ చేతులతో తవ్వుతుంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం ముక్కలే తగిలాయి. నాన్న అప్పటికే మలేరియాతో మంచం పట్టి ఉన్నాడు. పెంకులు దోసిట పట్టుకెళ్ళి చూపిస్తే ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.

పని కోసం నేనెక్కడికీ వెళ్ళి అడగలేదు. మార్కెట్ యార్డులో బియ్యం, దుప్పట్లు పంచుతున్నారంటే అమ్మతో వెళ్ళాను. చుట్టుపక్కల కొండల మీద ఇళ్ళు కూలినవాళ్ళు, పిల్లల్ని చంకనేసుకుని తడుస్తూ వచ్చినవాళ్ళు, మావంటి సంతవీధి వాళ్ళు, అందరూ ఒకే గేటు మీద పడ్డారు. సాయం తెచ్చినవాళ్ళ జీపు మీద మైకు ఉంది గానీ, మైకులో చెప్పే మనిషికి రోజుల తరబడి అరిచి అరిచి గొంతు పూర్తిగా పోయింది, గరగర తప్ప మాట రావడం లేదు. నా కళ్ళముందే ఒక బాలింత ఆ తోపులాటలో పడిపోయింది. నేను ఎప్పుడు బియ్యం బస్తాల మీదికెక్కానో నాకే తెలియదు, సంతలో గాజులకు పిలిచే కూత ఒకటి గట్టిగా కూశాను. జనం ఒక్క క్షణం ఉలిక్కిపడి ఆగారు. ఆ సందులో, పడ్డామెను లేపండని, ఏ ఊరివాళ్ళు ఆ ఊరివాళ్ళతో కూర్చోమని, కూర్చున్నవాళ్ళకే ముందు వస్తుందని తెలుగులో ఒకసారి, కొండ భాషలో ఒకసారి చెప్పాను. ఆశ్చర్యం, కూర్చున్నారు.

జీపు పక్కన నిలబడి ఇదంతా చూసిన డాక్టరమ్మ ఆ సాయంత్రమే మా ఇంటికొచ్చింది. కృష్ణా జిల్లా మనిషి, నలభై దాటి ఉంటాయి, మోకాళ్ళ దాకా బురద. సహాయ బృందంతో ఒరిస్సా వైపు నుంచి చుట్టు తిరిగి వచ్చిందట. కొండ ఊళ్ళలో వాంతులూ విరేచనాలూ మొదలయ్యాయని, జీపులో తిరిగి మైకులో జాగ్రత్తలు చెప్పే మనిషి కావాలని, రోజు కూలి ఇస్తామని, పని ఎన్నాళ్ళుంటుందో తాను చెప్పలేనని ఉన్నదున్నట్టు చెప్పింది. పెళ్ళి కావలసిన పిల్ల జీపెక్కి ఊళ్ళమ్మట అరుచుకుంటూ తిరగడమేమిటని నాన్న మంచంలోంచే గొణిగాడు. అమ్మ ఆరోజు ఆయనకు ఎదురు చెప్పింది. నాకు తెలిసి అదే మొదటిసారి.

“ఎల్లనీ. సరుకంతా ముక్కలైపోనాది. ఇంట్లో కూకుని గాజుపెంకులు ఏరుకుంటాదేటి?”

“పొద్దుగూకేలోపు మీ గుమ్మంలో నేనే దింపుతానండీ,” అంది డాక్టరమ్మ నాన్నతో. చెప్పినట్టే, ఒక్కరోజు తప్ప, పని ఉన్నన్నాళ్ళూ దింపింది.

ఆ రోజుల సంతోషం చెబితే తప్పుగా ఉంటుందేమో, చుట్టూ అంత కష్టం ఉండగా. కానీ నిజం చెప్పాలి కదా. మొట్టమొదట మైకు చేతిలోకి తీసుకుని మాట్లాడినప్పుడు, నా గొంతు జీపు మీది హారనులోంచి వెళ్ళి ఎదుటి కొండకు తగిలి మళ్ళీ నా దగ్గరికొచ్చింది. ఎవరో పెద్దమనిషి, బాగా చదువుకున్నావిడ, ఆ కొండ మీంచి నాకు జవాబు చెబుతున్నట్టు అనిపించింది. గొంతు తగ్గించమనకుండా ఇంకాస్త పెంచమని నన్నడిగినవాళ్ళు ఆ జీపులోనివాళ్ళే. నీళ్ళు కాచి తాగండి, గెడ్డలో నీళ్ళు తాగకండి, జ్వరమొస్తే స్కూలు దగ్గరికి రండి అని ఊరూరా చెప్పేదాన్ని. మా డ్రైవరు ఎస్.కోట వైపు మనిషి, నన్ను తల్లీ అని పిలిచేవాడు. ఎక్కడ ఆగితే అక్కడ వేడినీళ్ళు సంపాదించి, మిరియాలు నలిపి వేసి నాకు ముందు తెచ్చిచ్చేవాడు. ఇళ్ళు పడిపోయిన కొండ ముసలమ్మలు కూడా మాకేదో ఒకటి పెట్టకుండా పంపేవారు కాదు. కాల్చిన మొక్కజొన్న పొత్తు, ఆకుదొప్పలో రాగి అంబలి, మావైపు చోడి అంబలంటారు. పంచడానికి వెళ్ళింది మేము, తిని వచ్చిందీ మేమే.

ఇక ఆ గెడ్డ సంగతి. లోయకు ఒక పక్కన, రోడ్డు ఆఖరయ్యే చోట ఒక గెడ్డ, అంటే కొండవాగు, ఉంది, దాని అవతల కొండవాలున ఒక ఊరు. దాటడానికున్న దుంగల వంతెన కొట్టుకుపోయింది. అవతల జబ్బు మొదలైందనీ, ఒక పెద్దాయన అప్పటికే పోయాడనీ కబురు తెలిసి బయలుదేరాం. మేం వెళ్ళేసరికి గెడ్డ ఎర్రగా, చెట్ల కొమ్మల్ని దొర్లించుకుంటూ పోతోంది. తాడు వేసి దాటుదామని డ్రైవరు నడుం లోతు దిగి, నిలవలేక వెనక్కి వచ్చేశాడు. నీళ్ళు తగ్గేదాకా ఏమీ చెయ్యలేమన్నాడు. అవతలి గట్టు మీద మమ్మల్ని చూసి కొంతమంది చేరారు. వాళ్ళలో ఒకామె చంకలో రెండేళ్ళ పిల్లాడు, తల వాలిపోయి ఉన్నాడు.

నేను మైకు తీసుకుని, ఉప్పూ పంచదారా నీళ్ళు ఎలా కలపాలో చెప్పడం మొదలుపెట్టాను. ఇంతలో మైకు కీచుమని అరిచి ఊరుకుంది.

“తల్లీ, మైకు పోనాది. వానకి మొత్తం తడిసిపోనాది,” అన్నాడు డ్రైవరు, హారను తీగలు తడిమి చూసి.

ఇక మిగిలింది నా గొంతే. గెడ్డ హోరులో మామూలు అరుపు అవతలికి చేరడం లేదు. సంతలో పిలిచేటప్పటిలాగా మాటను సాగదీసి, సన్నగా, పైకెత్తి వదిలితే చేరింది. ఒక్కొక్క మాటా విడివిడిగా పంపాలి. వాళ్ళు చెయ్యెత్తితే అందినట్టు. వాళ్ళూ కొండల మీద పిలుచుకునే కూతతోనే పంచదార లేదని జవాబిచ్చారు. డాక్టరమ్మతో చెప్పాను. అంబలి ఉంటుందా అడుగు, చోడిపిండి బాగా కాచి, పలచన చేసి, ఉప్పు ఒక చిటికెడు వేసి చల్లార్చి, చెంచాతో కొంచెం కొంచెంగా పట్టమను, అందావిడ. అదీ పంపాను. అందరూ చేతులెత్తారు, పిల్లాడి తల్లి తప్ప. ఆమె గట్టు అంచుదాకా వచ్చి కొండ భాషలో అరిచిన మాటలు నాకిప్పటికీ చెవిలో ఉన్నాయి.

“పట్టిందల్లా బయటికే పోతోంది. ఇంకా పట్టిస్తే ఇంకా పోతుంది కదా! పొద్దుటి నుంచీ ఒక్క చుక్క పట్టలేదు. ఇప్పుడు పట్టి నేనే చంపుకోనా?”

డాక్టరమ్మ తెలుగులో చెబుతూనే ఉంది, ఎండిపోతాడు, పట్టమను, పట్టమను అని. ఆ మాటలు నేను పంపాను. ఆమె కదల్లేదు. పట్టమనడం ఇవతల నిలబడ్డవాళ్ళకు తేలికే. అప్పుడు నేను చెప్పాను, మా ఇంట్లో ఎన్నడూ ఎవరమూ పైకి అనని సంగతి. మేం కొండెక్కిన మొదటి వానాకాలంలో మా తమ్ముడికి ఇదే జబ్బు చేసింది. వాడూ ఇంతవాడే. నీళ్ళిస్తే ఎక్కువవుతుందని మా అమ్మ ఇవ్వలేదు. వాడు నీళ్ళ కుండవైపు చూస్తూనే పోయాడు. వాడి పేరు కూడా ఆ తరువాత ఇంట్లో అనుకోలేదు మేం. ఆ పేరు, ఆ కుండ, ఆ చూపు, అన్నీ ఒక్కొక్క మాటగా విడదీసి, సాగదీసి, ఆ పొంగుతున్న గెడ్డ మీదుగా అవతలికి పంపాను. “మా అమ్మకు ఎవరూ చెప్పలేదు. నీకు నేను చెబుతున్నాను. పట్టు,” అన్నాను. నా పక్కన నిలబడ్డ డాక్టరమ్మకు గానీ డ్రైవరుకు గానీ ఒక్క ముక్క అర్థం కాలేదు. అర్థం కావలసిన మనిషికి అయింది. ఆమె వెనక్కి తిరిగి ఇళ్ళవైపు పరుగెత్తింది.

అంబలి ముంతతో తిరిగొచ్చి గట్టు మీదే, చెట్టుకింద గోనెపట్టా కప్పుకుని కూర్చుంది. మధ్యాహ్నమంతా ఆమె పట్టడం, నేను అడగడం. వాంతి చేసుకున్నాడు అంటుంది. కాసేపాగి మళ్ళీ పట్టమంటుంది డాక్టరమ్మ. నేను పంపుతాను. మధ్యమధ్య మిగతా ఇళ్ళవాళ్ళు వచ్చి తమ పిల్లల సంగతీ, ముసలివాళ్ళ సంగతీ అడిగి వెళ్ళేవారు. నా గొంతు ముందు బొంగురుపోయింది, తరువాత నెత్తురు రుచి తగిలింది. డ్రైవరు తన తలగుడ్డ నా నెత్తిన పట్టి, నేను వానకు తడవకుండా నిలబడ్డాడు. వెలుగు తగ్గుతుండగా, గెడ్డ హోరూ కాస్త తగ్గాక, ఆమె లేచి నిలబడి, పిల్లాణ్ణి రెండు చేతులతో పైకెత్తి నాకు చూపించింది. ఆ దూరానికి వాడి ముఖం నాకు కనపడలేదు గానీ, ఏడుపు వినపడింది.

“ఏడుత్తన్నాడు తల్లీ! గుంటడు ఏడుత్తన్నాడు!” అని డ్రైవరు గెంతాడు. డాక్టరమ్మ జీపు మెట్టు మీద కూర్చుని ముఖం కొంగులో దాచుకుంది.

ఇంటికొచ్చేసరికి నాకు మాట లేదు. ఏం జరిగిందో డ్రైవరు గుమ్మంలోనే అమ్మకు చెప్పాడు, తనకు తెలిసినంత. కొండ భాషలో ఈ గుంట ఏదో చెప్పిందమ్మా, అప్పుడు ఆ తల్లి కదిలింది అన్నాడు. ఏం చెప్పావే అని అమ్మ అడిగింది. నేను తమ్ముడి పేరు గాలిగా, పెదవులతో అన్నాను. అమ్మ అలాగే గోడకు జారగిలబడి, అన్నేళ్ళుగా ఏడవనిదంతా ఆరోజు ఏడ్చింది. నాన్న జ్వరంలోనే లేచొచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. ఆ తరువాత మా ఇంట్లో వాడి పేరు మామూలుగా వినపడడం మొదలైంది. పండగపూట వాడికొక బొబ్బట్టు పక్కన పెట్టేది అమ్మ.

మర్నాడు గెడ్డ తగ్గితే డాక్టరమ్మ తాడు పట్టుకుని దాటి, సెలైన్లూ మందులూ మోయించుకుని ఆ ఊళ్ళోకి వెళ్ళింది. పెద్దాయన తరువాత అక్కడ ఇంకెవరూ పోలేదు. నేను వెళ్ళలేకపోయాను, జ్వరంతో పడుకున్నాను. నాకు గొంతు వచ్చేదాకా వేరే మనిషిని పెట్టుకోకుండా, జీపు మీద ఆ హారను బాగు చేయించి నాకోసం ఉంచారు. ఇంకొన్నాళ్ళు తిరిగాం. తరువాత రైలు నడిచింది, రోడ్డు పూడ్చారు, జీపు కొండ దిగి వెళ్ళిపోయింది. వెళ్ళేరోజున డాక్టరమ్మ మా ఇంటికొచ్చి, నా రెండు చేతులూ పట్టుకుని నొక్కి వెళ్ళింది. నేను దాచిన కూలితో నాన్న రాజమండ్రి వెళ్ళి మళ్ళీ గాజులు తెచ్చాడు. ఆపైన ప్రతి వానాకాలం, ఏ వరదొచ్చినా, ఏ జబ్బొచ్చినా, మైకు కోసం నాకే కబురొచ్చేది. రెండువేల సంవత్సరం దాటాక కూడా, పిల్లల తల్లినయ్యాక కూడా వెళ్ళాను. నాన్న తానే జీపు దాకా వచ్చి ఎక్కించేవాడు.

ఆ మొదటి వరదల మరుసటి వేసవిలో అనుకుంటాను, సంతలో గాజులకు పిలుస్తూ ఉంటే ఒకామె నడుస్తున్నదల్లా టక్కున ఆగిపోయి, జనంలోంచి నావైపు తోసుకుంటూ వచ్చింది. నాకు ఆమె ముఖం తెలియదు, ఆమెకు నాదీ తెలియదు. నా కూత పట్టుకుని వచ్చింది. పిల్లాణ్ణి నా ఒళ్ళో కూర్చోబెట్టి, రాజ్మా గింజల మూట పక్కన పెట్టి, చాలాసేపు కూర్చుంది. వాడు నా పెట్టెలోని గాజులన్నీ కలిపేస్తుంటే ఇద్దరం చూస్తూ కూర్చున్నాం.

ఇప్పుడా గెడ్డ మీద సిమెంటు వంతెన ఉంది. కిందటేడు కొడుకు బండి మీద దాని మీదుగా వెళ్ళాను. వెళ్ళేటప్పుడు ఎప్పుడు ఎక్కామో, ఎప్పుడు దాటామో తెలియనంతలో అయిపోయింది. కాఫీ తాగడానికి వచ్చిన పట్నం పిల్లలు వంతెన మీద ఫోటోలు తీసుకుంటున్నారు. ఆ ఊరికి ఆశా కార్యకర్త ఉంది, ఫోన్ చేస్తే అంబులెన్సు వస్తుంది. ఇదంతా రావలసిందే, ఇంకా ముందే రావలసింది. ఏ తల్లీ ఒక గాజులమ్మే పిల్ల గొంతును నమ్ముకుని బిడ్డతో వానలో కూర్చోకూడదు. అది తెలిసీ, తిరిగొచ్చేటప్పుడు వంతెన మధ్యలో బండి ఆపించి కిందికి చూస్తే, గులకరాళ్ళ మీద పల్చగా పారుతున్న నీళ్ళ దగ్గర నా మనసు కాస్త తడబడింది. ఆ తరువాత ఇన్నేళ్ళలో ఎందరితోనో మాట్లాడాను, చాలా దగ్గరగా కూర్చుని మాట్లాడాను. కానీ ఆ మధ్యాహ్నం గెడ్డ అవతల నుంచి ఆ తల్లి విన్నట్టుగా, ఒక్కొక్క మాట కోసం ఊపిరి బిగబట్టి, నా మాటను ఎవరూ వినలేదు. అలా వినే మనిషి ఎదురయ్యే అదృష్టం మనిషికి ఒక్కసారి దొరికినా చాలు. నాకు దొరికింది.